పోపుల పెట్టెలో దాచిన మాత్రలు

కడప నుంచి ఒక ఉపాధ్యాయురాలు రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. గుర్తుపట్టగలిగే వివరాలు తీసేసి, ముఖ్యమైన సంగతులను కుదించి ఇస్తున్నాను.

"నా వయసు 36. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాపురం కడపలో, ఉద్యోగం రాయచోటి వైపు. మూడున్నరేళ్ల కిందట ఒక సాయంత్రం బస్సులో ఇంటికి వస్తూ గువ్వలచెరువు ఘాట్ దిగుతుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. నోరు ఎండిపోయింది, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి అందలేదు. ప్రాణం పోతోందనే అనుకున్నాను. షుగర్ తగ్గిందేమోనని పక్క సీటులో ఉన్నావిడ పాలకోవా పొట్లం విప్పి నా నోట్లో పెట్టబోయింది. తర్వాత ఈసీజీ, ఎకో, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. అన్నీ బాగున్నాయన్నారు. మా వీధి డాక్టరు రాత్రిపూట వేసుకోమని అల్ప్రాజోలామ్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర పది రోజులకు రాశారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

ఆ పది రోజులు మూడున్నరేళ్లయ్యాయి. ఇప్పుడు ఉదయం 0.5, రాత్రి 0.5 వేసుకుంటున్నాను. మెడికల్ షాపు అబ్బాయి తెలిసినవాడు, చీటీ అడగడు. మాత్రలను పోపుల పెట్టెలో మెంతుల గిన్నె కింద దాస్తాను. మా అత్తగారు పోపు వేసేటప్పుడు మెంతుల జోలికి వెళ్లరు. ఇంత వేసుకుంటున్నా తెల్లవారుజామున నాలుగింటికి గుండె దడతో మెలకువ వస్తోంది. చివరి పీరియడ్‌కు చేయి వణుకుతోంది. మొన్న బోర్డు మీద త్రిభుజం గీస్తుంటే గీత వంకరపోయింది. ముందు బెంచీ అమ్మాయి 'టీచర్, స్కేలు ఇమ్మంటారా?' అని అడిగింది.

జబ్బు ముదిరిందనుకుని, ఇంట్లో పంటి నొప్పి అని చెప్పి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాను. ఆయన ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. పాత మాత్ర సంగతి సిగ్గుతో ఆయనకు చెప్పలేదు. కొత్తది ఐదు రోజులు వాడేసరికి వికారం, ఒళ్లంతా గాభరా, నిద్ర లేదు. నాకు పడలేదని మానేశాను. ఉగాదికి దేవుని కడప గుడికి వెళ్లి, ఇక ఏ మాత్రా ముట్టనని మొక్కుకున్నాను. మూడో రోజుకు చెమటలు, వణుకు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు. తట్టుకోలేక మళ్లీ వేసుకున్నాను. నేను మాత్రలకు బానిసనైపోయానా? ఏది మానాలి, ఏది వాడాలి? జీవితాంతం వాడాల్సిందేనా? మా ఆయనకు చెప్పాలా? బడిలో తెలిస్తే నా ఉద్యోగం ఏమవుతుంది? ఒక రాత్రి ఎనిమిదేళ్ల మా పాప వంటింట్లోకి వచ్చి, 'అమ్మా, మెంతులు ఎందుకు మింగుతున్నావు?' అని అడిగింది. ఏమీ చెప్పలేకపోయాను."

అమ్మా, అన్నిటికంటే ముందు ఒక మాట. ఇది చదివాక కోపంతోనో పట్టుదలతోనో అల్ప్రాజోలామ్‌ను ఒక్కసారిగా ఆపేయకండి. ఉగాది తర్వాత మూడు రోజులు మీరు పడ్డ అవస్థ మీ బలహీనత కాదు, ఆ మందు హఠాత్తుగా ఆగినప్పుడు శరీరం చేసే గోల. ఏళ్ల తరబడి వాడినవారు ఇలా ఆపితే కొందరికి మూర్ఛ (ఫిట్స్) కూడా వస్తుంది. వైద్యుడిని కలిసేదాకా ఇప్పుడు వేసుకుంటున్నంతే వేసుకోండి. పెంచకండి, తగ్గించకండి.

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీరు ఒక జబ్బు గురించే రాశాననుకున్నారు. నాకు అందులో మూడు వేరువేరు సంగతులు చిక్కుపడి కనిపించాయి.

మొదటిది ఘాట్‌లో వచ్చినది. దాన్ని వైద్యులు పానిక్ ఎటాక్ అంటారు. పులి ఎదురైతే ఒళ్లు ఎలా స్పందిస్తుందో, పులి లేకుండానే అలా స్పందించడం. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది, చేతులు నిజంగానే చల్లబడతాయి, అందుకే చచ్చిపోతున్నామని అంత గట్టిగా అనిపిస్తుంది. సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత దానంతటదే దిగిపోతుంది. ఇది బాగా తెలిసిన జబ్బు, నయమయ్యే జబ్బు. మీ పరీక్షలన్నీ బాగుండటంలో వింత లేదు, ఎందుకంటే తప్పు గుండెది కాదు.

రెండోది తెల్లవారుజాము దడ, చివరి పీరియడ్ వణుకు. మీరు దీన్ని జబ్బు ముదరడం అనుకున్నారు. మీరు రాసిన వేళలు చూస్తే నాకు అలా అనిపించడం లేదు. అల్ప్రాజోలామ్ త్వరగా పనిచేసి త్వరగా దిగిపోయే మందు. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. మీరు లెక్కల టీచరు కాబట్టి మీకే వదిలేస్తాను: రాత్రి తొమ్మిదింటికి ఒకటి, ఉదయం ఏడింటికి ఒకటి వేసుకుంటే మందు బాగా పలచబడే వేళలు ఏవి? తెల్లవారుజాము ఒకటి, సాయంత్రం ఇంకొకటి. అలవాటుపడ్డ శరీరం సరిగ్గా ఆ వేళల్లోనే తదుపరి మాత్ర కోసం తలుపు కొడుతోంది. దాన్నే మీరు జబ్బు అనుకుని మోతాదు పెంచుకుంటూ వచ్చారు. నా అంచనా ఇది. వైద్యుడు మిమ్మల్ని చూసి ఖాయం చేయాలి.

మూడోది ఎస్సిటాలోప్రామ్ వాడిన ఆ ఐదు రోజులు. దీనికి కాస్త వివరంగా జవాబు చెప్పాలి, ఎందుకంటే మీ దారి మలుపు తిరిగింది అక్కడే.

ఆందోళనకు ఇచ్చే మందుల్లో రెండు పెద్ద కుటుంబాలున్నాయి. ఒకటి మీ పోపుల పెట్టెలో ఉన్నది, బెంజోడయాజిపీన్లు: అల్ప్రాజోలామ్, క్లోనాజిపామ్, లోరాజిపామ్, డయాజిపామ్. మెదడులో 'గాబా' అనే రసాయనం నాడుల హడావుడిని అణచిపెడుతుంది. ఈ మందులు దాని చేతికి బలమిస్తాయి. అరగంట, గంటలోనే మనసు తేలికపడుతుంది. ఈ జాతిలో మొదటి మందు క్లోర్‌డయాజిపాక్సైడ్ 1960లో, డయాజిపామ్ 1963లో మార్కెట్లోకి వచ్చాయి. అప్పటిదాకా వాడిన బార్బిట్యురేట్లు కాస్త ఎక్కువైతే ప్రాణం తీసేవి. వాటితో పోలిస్తే ఇవి ఎంతో మేలని లోకమంతా సంతోషించింది. వారాల తరబడి వాడితే శరీరం వీటికి అలవాటుపడిపోతుందన్న సంగతి తర్వాత గాని గట్టిగా తెలిసిరాలేదు. అందుకే ఇప్పుడు రెండు నుంచి నాలుగు వారాలకు మించకుండా చూడమని వైద్యులకు చెబుతారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో ఈ మందులన్నిటి మీద అలవాటు, ఆపినప్పటి ఇబ్బందుల గురించి అతి తీవ్రమైన హెచ్చరిక ముద్రించమంది. మీ వీధి డాక్టరు పది రోజులకే రాయడం సబబే. పదకొండో రోజున మళ్లీ ఆయన దగ్గరకు వెళ్లకుండా షాపుకు వెళ్లడంతో దారి తప్పింది.

ఆ షాపు అబ్బాయి మీకు మేలు చేస్తున్నాడనుకుంటున్నారు. మన దేశంలో అల్ప్రాజోలామ్ షెడ్యూల్ హెచ్1లో ఉంది. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన అది. చీటీ ఉంటేనే అమ్మాలి, రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అతను ఇదంతా పాటించి ఉంటే, మూడేళ్ల కిందటే ఎవరో ఒకరు 'ఇంకా ఎందుకు వాడుతున్నారమ్మా?' అని మిమ్మల్ని అడిగి ఉండేవారు. ఆ ఒక్క ప్రశ్న మీకు అందకుండా పోయిందని నాకు చాలా బాధగా ఉంది.

రెండో కుటుంబం ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు: ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్ వంటివి. సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేస్తాయి. వీటిని కుంగుబాటుకూ వాడతారు, పానిక్ జబ్బుకూ మొదట ఎంచుకునేవి ఇవే. ఇవి 'పిచ్చివాళ్ల మందు' కావు. మత్తు ఇవ్వవు, ఇంకా ఇంకా కావాలన్న తహతహ పుట్టించవు. కానీ వీటి తీరు బెంజోడయాజిపీన్లకు పూర్తిగా తలకిందులు. మొదటి వారం, రెండు వారాల్లో వికారం, గాభరా, నిద్రలేమి రావచ్చు, అంటే తగ్గాల్సిన భయమే కాస్త పెరిగినట్లుంటుంది. మేలు కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీరు ఐదో రోజున ఆపేశారు. చేదు దశ మధ్యలోనే ఆపి, తీపి దశ రాలేదని నిర్ణయించుకున్నారు. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. ఇలా ఉంటుందని మీకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే మీరు తట్టుకునేవారు. పైగా పానిక్ ఉన్నవారికి చాలామంది వైద్యులు 10తో కాక 5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. మీరు అల్ప్రాజోలామ్ వాడుతున్నారని తెలిసి ఉంటే ఆయన లెక్క కూడా వేరేగా ఉండేదేమో.

అలా మూడున్నరేళ్లుగా ఏ మాత్ర మీద నమ్మకం పెట్టుకున్నారో అదే మిమ్మల్ని కట్టేసింది. ఏది మీకు పడలేదనుకున్నారో దానికి పనిచేసే గడువే ఇవ్వలేదు.

'బానిస' అన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. మీరు మత్తు కోసం వేసుకోలేదు, దొంగచాటుగా సుఖం వెతుక్కోలేదు, పాఠం చెప్పడానికి నిలబడగలగాలని వేసుకున్నారు. మీ శరీరం ఒక మందుకు అలవాటుపడింది, అంతే. ఆ అలవాటును మెల్లగా విడిపించవచ్చు. ఇక మొక్కు గురించి. ఉగాదినాడు ముస్లింలు కూడా వచ్చి మొక్కుకునే గుడి అది. ఆ స్వామి మీరు మూర్ఛపోవాలని కోరుకోడని నాకు గట్టి నమ్మకం. మొక్కు తప్పలేదు. నెరవేర్చే గడువు కొంచెం పొడిగించుకున్నారనుకోండి.

ఇక మీ ముందున్న దారులు.

ఇప్పుడున్నట్లే సాగించడం ఒకటి. ఈ ఏడాది పెద్ద తేడా కనిపించకపోవచ్చు. కానీ మోతాదు పాకుతూ పోతుంది, మతిమరుపు పెరుగుతుంది (హాజరు పట్టీలో పేర్లు మరిచిపోతున్నానని మీరే ఒక మూల రాశారు). స్కూటర్ నడిపేటప్పుడు స్పందన మందగిస్తుంది. నడుము నొప్పికి ట్రమడాల్ లాంటి మందో, మత్తునిచ్చే దగ్గు మందో తోడైతే శ్వాసకే ప్రమాదం. ఒకరోజు ఆ షాపు మూతపడినా, ఆ అబ్బాయి వేరే ఊరు వెళ్లినా, ఉగాది నాటి అవస్థ మళ్లీ వస్తుంది, ఈసారి మీ ఇష్టం లేకుండానే.

మాత్రలేవీ వద్దనుకుని మానసిక చికిత్సను నమ్ముకోవడం ఇంకొకటి. దీన్ని నేను తేలిగ్గా తీసెయ్యను. ఆలోచనా ప్రవర్తనా చికిత్స, అదే సీబీటీ, పానిక్ జబ్బులో మందులతో సమానంగా పనిచేస్తుంది. చికిత్స ఆగాక కూడా ఫలితం నిలుస్తుంది. అయితే రెండు చిక్కులున్నాయి. శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు మన జిల్లాల్లో సులువుగా దొరకరు, వీడియో ద్వారా చేయించుకోవాల్సి రావచ్చు. రెండోది, ఈ దారిలో వెళ్లినా అల్ప్రాజోలామ్‌ను వైద్యుడి చేతి మీదుగానే తగ్గించాలి. యోగా, ప్రాణాయామం మనసుకు ఊరటనిస్తాయి, చేయండి. కానీ అలవాటుపడ్డ మందుకు అవి బదులు కావు.

మూడోది, ఆ మానసిక వైద్యుడి దగ్గరకే తిరిగి వెళ్లి మొత్తం చెప్పడం. నా మొగ్గు ఇటే. ఆయన బహుశా కొత్త మందును తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతారు. అది నిలదొక్కుకునేదాకా పాతదాన్ని కదపరు. ఆ తర్వాత పాతదాన్ని మెట్టుమెట్టుగా దించుతారు. ఇప్పటి మార్గదర్శకాలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, అప్పుడున్న మోతాదులో 5 నుంచి 10 శాతం తగ్గించమంటున్నాయి. మీకు రోజుకు ఒక మిల్లీగ్రాము. అందులో పదో వంతు 0.1. బజారులో దొరికే 0.25 మాత్రను అంత చిన్నగా విరవలేం. అందుకే కొందరు వైద్యులు ముందు డయాజిపామ్ లేదా క్లోనాజిపామ్ లాంటి నెమ్మదిగా దిగే మందుకు మార్చి, దాన్ని తగ్గిస్తారు. నెలలు పడుతుంది. మధ్యలో ఒక మెట్టు మీద ఆగిపోవాల్సి వస్తే ఆగండి, వెనక్కి పరుగెత్తకండి.

ఈ దారికి కూడా ధర ఉంది. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో చెమట ఎక్కువ పట్టవచ్చు, కొందరికి బరువు పెరుగుతుంది. దాంపత్య సుఖంలో కోరిక తగ్గడం, తృప్తి ఆలస్యం కావడం చాలామందికి జరుగుతుంది. మన ఆడవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పుకోలేక మందే మానేస్తారు. చెప్పండి, మార్గాలున్నాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలతో కలిపితే రక్తస్రావం అవకాశం పెరుగుతుంది కాబట్టి అవి వేసుకునే ముందు అడగండి. మరో బిడ్డ ఆలోచన ఉంటే మొదటి రోజే చెప్పండి, మందు ఎంపిక మారవచ్చు. ఎస్సిటాలోప్రామ్ నిజంగానే పడకపోతే సెర్ట్రలిన్ ఉంది, వెన్లాఫాక్సిన్ ఉంది. గుండె దడకు వాడే ప్రొప్రనొలాల్ గురించి ఎవరైనా చెబితే, ఉబ్బసం ఉన్నవారికి అది పనికిరాదని గుర్తుంచుకోండి.

జీవితాంతమా అని అడిగారు. సాధారణంగా కాదు. బాగైన తర్వాత కనీసం ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి, ఆ పైన మెల్లగా ఆపుతారు. హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు షాక్ కొట్టినట్లు అనిపించడం లాంటివి ఉంటాయి. కొందరికి జబ్బు తిరిగి వస్తుంది, వాళ్లు ఎక్కువ కాలం వాడతారు. బీపీ మాత్ర ఇరవై ఏళ్లు మింగేవారిని మనం బానిసలనం.

వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు వాడేసిన స్ట్రిప్పు ఒకటి చేతిలో పట్టుకెళ్లండి. నోటితో చెప్పడానికి సిగ్గేస్తే బల్ల మీద పెట్టండి, అదే చెబుతుంది. ఏ మాత్ర ఎన్నింటికి వేసుకుంటున్నారో, దడ ఎన్నింటికి వస్తోందో వారం రోజులు కాగితం మీద రాసుకుపోండి. ఆయన దగ్గరకు మళ్లీ వెళ్లడం ఇష్టం లేకపోతే కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రి భయమేస్తే కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రింబవళ్లు, తెలుగులో మాట్లాడతారు.

ఉద్యోగం సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు మీకిచ్చింది. హెడ్మాస్టరుకు చెప్పాల్సిన పని లేదు. వైద్యం చేయించుకుంటున్న టీచరు కంటే, చేయించుకోకుండా చేయి వణికే టీచరుకే బడిలో కష్టం ఎక్కువ.

మీ ఆయనకు మాత్రం చెప్పాలనే అంటాను. అత్తగారికి ఇప్పుడే అక్కర్లేదు, ఆ వరసలు మీకు తెలిసినంతగా నాకు తెలియవు. కానీ మందు తగ్గించే నెలల్లో మీరు చిరాకు పడతారు, కొన్ని రాత్రులు నిద్రపోరు. కారణం తెలియని మనిషి దాన్ని వేరేగా అర్థం చేసుకుంటాడు. ఆయన మంచివాడని మీరే రాశారు. చెప్పకపోవడానికి కారణం ఆయన కోపం కాదు, ఆయన కళ్లలో మీరు తగ్గిపోతారన్న దిగులు. ఆయన్ను మీతోపాటు డాక్టరు గదిలోకే తీసుకెళ్లండి. చాలా మాటలు మీ బదులు డాక్టరే చెప్పేస్తారు.

బస్సు గురించి మీరు ఏమీ అడగలేదు, కానీ ఆరు నెలలుగా ఘాట్ మీదుగా బస్సెక్కడం మానేసి ఆయన బైకు మీదే వెళ్తున్నానని చివర్లో రాశారు. మందు కుదుటపడ్డాక ఆ బస్సు మళ్లీ ఎక్కాలి. తప్పించుకున్న ప్రతిసారీ ఆ రోడ్డు ఇంకొంచెం పెద్దదవుతుంది. మొదట తోడుతో ఘాట్ మొదలు దాకా, తర్వాత గువ్వలచెరువు దాకా. దిగి కాసేపు నిలబడి, కోవా కొనుక్కుని, తిరుగు బస్సు ఎక్కండి. దడ వస్తే ఊపిరి బిగపట్టకుండా నెమ్మదిగా బయటకు వదలండి, గడియారం చూడండి. కవరు నోటికి పెట్టుకుని ఊపిరి తీసే పాత చిట్కా వద్దు. దడ దిగిపోయేదాకా సీటులో కూర్చున్న ఒక్క ప్రయాణం, నేను చెప్పిన ఈ మాటలన్నిటికంటే మీకు ఎక్కువ నేర్పుతుంది.

ఇక మీ పాప. 'మెంతులు ఎందుకు మింగుతున్నావు?' అన్న ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ రోజు రాత్రే ఆ మాత్రలను పోపుల పెట్టెలోంచి తీసి, పాపకు అందని అల్మారాలో తాళం వేసి పెట్టండి. ఎనిమిదేళ్ల పిల్ల వాటిని మింగితే స్పృహ తప్పుతుంది, అక్కడితో ఆగకపోవచ్చు కూడా. తర్వాత తీరిగ్గా కూర్చోబెట్టుకుని నిజం చెప్పండి: "అవి మెంతులు కావు బంగారూ, మందులు. అమ్మకు అప్పుడప్పుడు ఊరికే గుండె దడ వస్తుంది. అది తగ్గడానికి డాక్టరు దగ్గరకు వెళ్తున్నాను. నీ వల్ల వచ్చింది కాదు. ఆ మాత్రలు నువ్వు ఎప్పుడూ ముట్టుకోకూడదు." పిల్లలకు ఇంతే చాలు. ఇంకేమైనా అడిగితే, అడిగినంతకే జవాబు చెప్పండి.